తీగకు ఆ చివర ఎవరున్నారు?

శ్రోతలారా, ఏ.టి.ఎం. అను మూడక్షరములు చెవిని బడగానే మీ మనస్సున మెదలునది బ్యాంకు గోడలో నిలిచి నోట్లు లెక్కించి యిచ్చు యంత్రము. నేటి ప్రసంగము దానిని గూర్చినది కాదు. టెలిఫోను ఇంజనీర్ల పరిభాషలో ఆ మూడక్షరములకే ‘అసింక్రనస్ ట్రాన్స్‌ఫర్ మోడ్’ అని మరియొక అర్థము గలదు. మాటను, లెక్కను, బొమ్మను చిన్న చిన్న సమాన ఖండములుగా తరిగి ఒకే తీగపై పంపు పద్ధతి అది. పేరు విననివారు పెక్కుమంది యుందురు గాని, వాడనివారు అంతమంది యుండరు. పది పదునైదేండ్ల క్రిందట మీ యింటి టెలిఫోను తీగకు ఒక మోడెము తగిలించుకొని దాని ద్వారా ఇంటర్నెట్టు చూచియున్నచో, తెలిసియో తెలియకయో మీరును ఆ పద్ధతిని వాడినవారే.

నేనును అట్లే తెలియక వాడినవాడను. తెలిసికొనవలసిన అవసరము 2009 వేసవిలో కలిగినది. మా అక్కయ్య కుమార్తె అప్పుడు మా యింటనే యుండి చదువుకొనుచుండెను. విదేశమునందలి ఒక విశ్వవిద్యాలయము ఆమెకు ప్రవేశమిచ్చినది. వచ్చుచున్నదో లేదో శనివారము రాత్రి లోపల జవాబు పంపవలెను. గురువారము ఉదయము మా మోడెము మొండికేసినది. దాని నొసట నున్న పచ్చదీపము మాత్రము నిశ్చలముగ వెలుగుచునే యున్నది. ఒక్క పుట తెరచుకొనదు, ఒక్క ఉత్తరము కదలదు.

ఫిర్యాదు చేయగా ఒక కుర్రవాడు వచ్చెను. దీపమును చూచి, “లైను బాగానే ఉందండి, లైటు వెలుగుతోందిగా! మీ కంప్యూటరే చూపించుకోండి” అని పోయెను. మరునాడు మరియొకడు వచ్చి తీగ మార్చెను, మోడెమును కూడ మార్చెను. దీపము మరింత పచ్చగ వెలిగినది, అంతే. శనివారము సాయంకాలము పిల్ల మూడు వీథుల ఆవల నున్న నెట్ సెంటరుకు పోయి, అక్కడ కరెంటు వచ్చువరకు కూర్చుండి, జవాబు పంపి వచ్చినది. “మామయ్యా, నీవు రేడియోలో పనిచేస్తావు కదా, ఇదేమిటో నీకూ తెలియదా?” అని అడిగినది. ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను.

సోమవారము నాడు పదవీ విరమణకు సమీపించిన ఒక పెద్దాయన వచ్చెను. ఆయన తీగను ముట్టలేదు. మోడెములోని పరీక్షల పుటను తెరచి, వరుసగ నాలుగైదు పంక్తులు చదివెను. తీగ కలిసినది, సరి. ఎఫ్5 సెగ్మెంట్ పరీక్ష, సరి. ఎఫ్5 ఎండ్ టు ఎండ్ పరీక్ష, విఫలము. వెంటనే ఎక్స్‌ఛేంజికి ఫోను చేసి, “మొన్న కార్డు మార్చారు కదా, ఈయన సర్క్యూట్ అవతలివైపు కట్టారా?” అని అడిగెను. కట్టలేదు. పది నిమిషములలో కట్టిరి. నాలుగు దినముల వ్యాధికి పది నిమిషముల చికిత్స. ఆ పెద్దాయన పోవుచు, “ఈ లైటు మీ ఇంటి నుంచి ఎక్స్‌ఛేంజి దాకానే చెప్తుందండీ. ఆ పైన ఏముందో దానికేం తెలుసు?” అనెను. ఆ పైన ఏమున్నదో తెలిసికొనుటకు నేనటుపిమ్మట కొంత చదివితిని, తెలిసినవారిని అడిగితిని. అందులో సామాన్యులకు అందగలిగినంత మేరకు మీతో ముచ్చటింతును.

ముందు ఖండముల సంగతి. ఈ పద్ధతిలో తీగపై నడచు ప్రతి ఖండమును సెల్ అందురు. ప్రతి సెల్లును సరిగా 53 బైట్లు. అందు 5 బైట్లు తలకట్టు, 48 బైట్లు సరకు. ఈ 48 ఎక్కడనుండి వచ్చినదని మీరడుగవచ్చును. గణితశాస్త్రము చెప్పిన సంఖ్య కాదిది, బేరమున తేలిన సంఖ్య. 1980 దశకమున టెలిఫోను ప్రమాణములు నిర్ణయించు అంతర్జాతీయ సంఘము సి.సి.ఐ.టి.టి.లో ఐరోపావారు 32 బైట్లు చాలుననిరి, అమెరికావారు 64 బైట్లు కావలెననిరి. 1989లో రెంటికి నడుమ 48 అని రాజీ పడిరి.

ఈ పట్టుదలకు కారణము ప్రతిధ్వని. టెలిఫోనులో మన మాట సెకనుకు 8,000 బైట్ల చొప్పున ప్రవహించును. 32 బైట్ల సంచి నిండుటకు 4 మిల్లీసెకనులు, 64 బైట్ల సంచి నిండుటకు 8 మిల్లీసెకనులు పట్టును. సంచి నిండువరకు మాట బయలుదేరదు. ఆలస్యము పెరిగినకొలది మన మాట మనకే తిరిగివచ్చి చెవిని గొట్టును. ఫ్రాన్సువంటి దేశములలో దూరములు తక్కువ గనుక, చిన్న సంచి యైనచో ప్రతిధ్వనిని అణచు యంత్రములు లేకయే గడుపుకొనవచ్చునని వారి ఆశ. అమెరికా విశాలదేశము. అక్కడ ఆ యంత్రములు ఎట్లును తప్పవు గనుక పెద్ద సంచియే లాభమని వీరి వాదము. 48 బైట్లు నిండుటకు 6 మిల్లీసెకనులు పట్టును. ఇరుపక్షములకును పూర్తి తృప్తి కలుగలేదు. స్టూడియోలో ప్రతిధ్వనితో ప్రతిదినము తగవులాడు మావంటివారికి ఈ వివాదము విచిత్రముగ తోచదు.

ఇక తలకట్టులో నేమున్నది? చిరునామా యున్నదని మీరనుకొందురు. లేదు. దానికి బదులు రెండు చిన్న సంఖ్యలున్నవి. ఒకటి పథసంఖ్య, దానిని వి.పి.ఐ. అందురు. రెండవది ఆ పథములోని వాహికా సంఖ్య, వి.సి.ఐ. మా యింటి మోడెము అట్టమీద పెన్సిలుతో 0, 35 అని వ్రాసి యుండెను. వానికి అర్థమేమో నాకప్పుడు తెలియదు. 0 పథసంఖ్య, 35 వాహికా సంఖ్య. 1 నుండి మొదలుపెట్టక 35 ఏల? 0 మొదలు 31 వరకు గల వాహికా సంఖ్యలను వ్యవస్థ తన సొంత పనులకు కేటాయించుకొన్నది. క్రొత్త మార్గము కట్టుమని కోరు సంకేతములు 5వ సంఖ్యపై నడచును. యంత్రము తన చిరునామాను నమోదు చేసికొనునది 16వ సంఖ్యపై. ప్రజలకు మిగిలినది 32 నుండి పైకి.

ఈ సంఖ్యలు ఒక్క అంగ వరకే చెల్లును. రైల్వే మెయిల్ సర్వీసువారి తపాలా సంచులను జ్ఞాపకము చేసికొనుడు. సంచికి కట్టిన చీటీ తరువాతి కార్యాలయము వరకే. అక్కడ దానిని విప్పి వేరొక చీటీ కట్టుదురు. అట్లే ఇక్కడ ప్రతి స్విచ్చును తన పట్టికను చూచి, 35 అని వచ్చిన సెల్లుకు మరియొక సంఖ్య తగిలించి తరువాతి తీగపైకి త్రోయును. ఆ పట్టికలో పంక్తి లేనిచో సెల్లు అక్కడనే రాలిపోవును. మా యింటి సంగతి అదియే. క్రొత్త కార్డు పట్టికలో మా పంక్తి వ్రాయుట మరచిరి.

మరి చిరునామా యెక్కడ? ఇక్కడనే అసలు చిక్కు మొదలగుచున్నది. ఇంటర్నెట్టు ప్రపంచములో ప్రతి యంత్రమునకు ఐ.పి. చిరునామా యని నాలుగు బైట్ల సంఖ్య యుండును. ఏ.టి.ఎం. వ్యవస్థలోనో, అదే యంత్రమునకు 20 బైట్ల మరియొక చిరునామా. మొదటి 13 బైట్లు స్విచ్చు ఇచ్చును, అది ఊరు పేరు వంటిది. తరువాతి 6 బైట్లు యంత్రము తానే చెప్పుకొనును, అది మనిషి పేరు వంటిది. చివరి యొక బైటు ఆ యింటిలోని గది. ఒకే మనిషికి ఇంటిపేరు వేరు, వాడుకపేరు వేరు అయినట్లు, ఒకే యంత్రమునకు ఈ రెండు పేర్లు. ఒకటి తెలిసిన రెండవది ఊహించుటకు వీలులేదు. ఎవరైనను చెప్పవలసినదే.

మన కార్యాలయములలోని ఈథర్నెట్టు తీగలపై ఈ చిక్కును 1982లో డేవిడ్ ప్లమ్మర్ అను నాతడు అతి సులభముగ విప్పెను. వీథిలో నిలువబడి, “ఈ సంఖ్య గలవారెవరండీ?” అని ఒక్క కేక వేయుటయే. అందరును విందురు, ఆ సంఖ్య తనదైనవాడొక్కడు పలుకును. ఆ పలుకును చిట్టాలో వ్రాసికొందురు. దీనినే ఏ.ఆర్.పి. అందురు.

ఏ.టి.ఎం.లో కేక వేయుటకు వీథి లేదు. ఇక్కడి ప్రతి మార్గమును ఇద్దరికి నడుమ ముడివేసిన దారము. ఎవరితో మాటలాడవలెనో ముందు తెలియనిదే దారము కట్టలేము, దారము కట్టనిదే ఎవరినీ అడుగలేము. 1994 జనవరిలో మార్క్ లాబాక్ వ్రాసిన ఒక ప్రమాణపత్రము దీనికి దారి చూపినది. ఆర్.ఎఫ్.సి. 1577 అని దాని సంఖ్య. ఒక సమూహమునకు చెందిన యంత్రములన్నిటికిని ఒక కరణము నేర్పరచిరి. ఆయన చిరునామా ఒక్కటి మాత్రము అందరికిని ముందే వ్రాసి యిత్తురు. ప్రతి యంత్రమును లేవగానే ఆయనకు దారము కట్టును. ఆయన, “నీ ఐ.పి. సంఖ్య యేమి?” అని అడిగి చిట్టాలో ఎక్కించుకొనును. తరువాత ఎవరికి ఎవరి చిరునామా కావలసినను ఆయననే అడుగుదురు. జవాబు రాగానే తమలో తాము దారము కట్టుకొని మాటలాడుకొందురు.

కరణము చిట్టా శాశ్వతము కాదు. అడిగి తెలిసికొన్నవాడు ఆ పంక్తిని 15 నిమిషములకంటె ఎక్కువ నమ్మరాదు. కరణము తన చిట్టాలో కనీసము 20 నిమిషములు ఉంచుకొనవలెను. గడువు ముగియబోవుచుండగా ఆయన తెరచియున్న దారముపై మరల అడుగును. పలికినచో పంక్తి నిలుచును. దారమే లేకున్నచో కొట్టివేయుదురు. మనుషులు ఇల్లు మారినట్లు యంత్రములును మారును గదా, పాత చిరునామాకు సరకు పంపుచు కూర్చుండరాదని ఈ కట్టడి.

ఇందులో ఒక ముల్లున్నది. శ్రద్ధగ వినుడు, ఎందరో ఇంజనీర్లను రాత్రులు మేలుకొలిపిన ముల్లు ఇది. కరణము హఠాత్తుగ పడిపోయినాడనుకొందము. ఆ క్షణమున ఏమియు జరుగదు. ముందే దారములు కట్టుకొన్నవారు హాయిగ మాటలాడుకొనుచుందురు. క్రొత్తవారి పరిచయము మాత్రమే ఆగును. పావుగంట గడచుసరికి ఒకరి తరువాత ఒకరికి గడువు ముగియును. గడువు తీరిన చిరునామాను మరల రూఢి చేసికొననిదే దారము తెరచియున్నను దానిపై సరకు పంపరాదని నియమము. రూఢి చేయవలసినవాడో, లేడు. కావున తీగలన్నియు క్షేమముగ నుండగనే, స్విచ్చులన్నియు వెలుగుచుండగనే, మాటలు ఒక్కొక్కటిగ ఆగిపోవును. తప్పు జరిగినది ఒక గడియలో, బయటపడినది మరియొక గడియలో. చూచువాడు ఆ రెండవ గడియలో తాను ఏమి ముట్టుకొన్నాడో దానిని అనుమానించును. 1998లో ఆ పత్రమును సవరించి ఆర్.ఎఫ్.సి. 2225గా వెలువరించినప్పుడు, ప్రతి యంత్రమును ఒక్క కరణమును గాక కరణముల వరుసను గుర్తుంచుకొనుటకు అవకాశము కల్పించిరి. అది ముందే చేయవలసినదని నా అభిప్రాయము. ఒక్కని చేతిలో ఊరి తాళములన్నియు పెట్టిన పద్ధతి ఏ శాఖలోను ఎక్కువకాలము నిలువలేదు.

కరణముతో పనిలేని సందర్భమొకటి గలదు. మా యింటి మార్గమువలె, కంపెనీవారు ముందే శాశ్వతముగ కట్టి యిచ్చిన మార్గములు. అక్కడ ప్రశ్న తలక్రిందులగును. దారమున్నది, చేతిలో కొసయున్నది, అవతలి కొస ఎవరి చేతిలో నున్నదో తెలియదు. అప్పుడు దారము వెంబడి, “ఆ చివర ఎవరండీ?” అని పిలుతురు. అవతలివాడు తన ఐ.పి. సంఖ్య చెప్పును. మామూలు పద్ధతిలో పేరు తెలిసి ఇల్లు వెదకుదుము, ఇక్కడ ఇల్లు తెలిసి పేరు అడుగుదుము. అందుకే దీనికి విలోమ పద్ధతి యని పేరు.

పిలిచితిమి, పలుకలేదు. ఎవరును లేరా, దారము తెగినదా, తెగినచో ఎక్కడ? ఇక దోషముల పర్యవేక్షణలోనికి వచ్చితిమి. నా దృష్టిలో ఏ.టి.ఎం. రూపకర్తలు చూపిన బుద్ధికౌశలమంతయు ఇక్కడనే యున్నది.

రేడియోవారి అనుభవమొకటి చెప్పెదను. అనౌన్సరు ఒక క్షణము మాట ఆపినాడనుకొనుడు. మీ యింటిలో రేడియో నిశ్శబ్దమగును గాని, స్టేషను పోయినదని మీరనుకొనరు. మాట లేకున్నను మా ట్రాన్స్‌మిటరు తరంగము గాలిలో నిలిచియే యుండును. అదియే పోయినచో రేడియో బుసకొట్టును, మీరు వెంటనే గుర్తింతురు. మౌనమునకు, మరణమునకు భేదము మీ చెవికి తెలియును. ఏ.టి.ఎం. మార్గములో ఈ సౌకర్యము లేదు. సెకనుకు 155 మెగాబిట్ల తీగపై మూడున్నర లక్షలకు పైగా సెల్లులు నడచును. పంపుటకు సరకు లేనప్పుడు తీగను ఖాళీ సెల్లులతో నింపుదురు. కాని ఆ ఖాళీ సెల్లులు తీగవి, మీ మార్గమువి కావు. ఒకే తీగపై వేయి మార్గములుండవచ్చును. మీ మార్గమున ఏమియు రానిచో, అవతలివాడు మాటలాడుటలేదో, నడుమ స్విచ్చులో పంక్తి చెరిగినదో చెప్పుటకు వీలులేదు. తీగ మాత్రము నిండుగ నున్నది. దీపము పచ్చగ నున్నది.

దీనికై ఐ.610 అను అంతర్జాతీయ సిఫారసులో ప్రత్యేకమైన సెల్లులను కల్పించిరి. వీనిని ఓ.ఏ.ఎం. సెల్లులందురు. ఇవి సరకు మోయవు, మార్గపు ఆరోగ్యమును చూచుటకు సరకుతోపాటు అదే దారిని నడచును. అదే దారిని నడచుట ముఖ్యము. వేరొక దారిన పంపిన వైద్యుడు ఈ దారి రోగమును కనుగొనలేడు. పర్యవేక్షణకు ఐదు అంతస్తులు పెట్టిరి. ఎఫ్1, ఎఫ్2, ఎఫ్3 అనునవి తీగకు సంబంధించినవి. ఎఫ్4 పథమునకు, ఎఫ్5 వాహికకు. మా మోడెములో పెద్దాయన చదివినది ఈ ఎఫ్5నే.

మొదట, తీగ తెగిన పక్షమున ఏమి జరుగునో చూతము. కృష్ణా డెల్టాలోనో గోదావరి డెల్టాలోనో కాలువ క్రింది సాగు ఎరిగినవారికి ఇది సులభముగ బోధపడును. పైన ఎక్కడనో గట్టు తెగినది. దిగువ లాకు కాపలాదారునకు నీరు రాలేదని మొదట తెలియును. అతడు ఊరకుండక, దిగువకు కబురు పంపును: “నీరు రాదు, తప్పు నాది కాదు, పైన తెగినది.” చివరి ఆయకట్టు రైతునకు ఆ కబురు చేరును. ఇక్కడ ఆ కబురు పేరు ఏ.ఐ.ఎస్. తెగినచోటికి దిగువనున్న మొదటి స్విచ్చు ప్రతి మార్గముపైనను సెకనుకొకటి చొప్పున ఈ సెల్లును క్రిందికి వదలుచుండును. అది రానిచో దిగువనున్న ప్రతివాడును తన యంత్రమే చెడినదని భ్రమించి విప్పుకొని కూర్చుండును. ఒక తెగుదలకు వంద ఫిర్యాదులు లేచును.

అంతటితో పని తీరలేదు. పైనుండి నీరు వదలుచున్నవానికి తాను వదలినది ఎక్కడనో పొలములపాలగుచున్నదని తెలియదు. అతనివైపు వచ్చు తీగ క్షేమముగనే యుండవచ్చును, రెండు దిక్కులకు రెండు వేరు తీగలు గదా. కావున చివరివాడు ఏ.ఐ.ఎస్. అందుకొనగానే, వెనుకకు మరియొక కబురు పంపును: “నీవు పంపునది నాకు చేరుటలేదు.” దీనిని ఆర్.డి.ఐ. అందురు. ఇదియు సెకనుకొకటి. ఈ రెండు కబురులతో ఇరుకొసలవారికిని విషయము తెలిసినది. తెగిన తీగ అతుక్కొనిన తరువాత ప్రకటన అక్కరలేదు. రెండున్నర సెకనులపాటు ఏ.ఐ.ఎస్. రాకున్నచో, లేదా అసలు సరకే వచ్చినచో, దోషము తొలగినట్లే.

అయితే మా యింట జరిగినది ఈ కోవలోనికి రాదు. అక్కడ తీగ తెగలేదు, గట్టు తెగలేదు. పట్టికలో పంక్తి లేదు, అంతే. అట్టి దోషమును గూర్చి ఏ కాపలాదారుడును కబురు పంపడు, అతని దృష్టిలో అంతయు క్షేమమే. ఇట్టి మూగ దోషములకై కంటిన్యుటి చెక్ అను ఉపాయము పన్నిరి. పంపువాడు ఒక సెకనుపాటు సరకు లేక ఊరకున్నచో, ఒక చిన్న సెల్లును వదలును. “ఉన్నాను” అనుటయే దాని పని. వినువానికి ఇంచుమించు మూడున్నర సెకనులు సరకును గాని, ఈ పలుకును గాని రాకున్నచో, మార్గము పోయినదని ప్రకటించును. రేడియో తరంగము తనంత తానుగ చేయు పనిని ఇక్కడ ఈ చిన్న సెల్లు చేయుచున్నదన్నమాట. దీనిని చదివినప్పుడు మా వృత్తివారి పని ఎవరో పొరుగింట చేయుచుండగా చూచినంత సంతోషము కలిగినది.

రెండవ ఉపాయము లూప్‌బ్యాక్. ఒక సెల్లుపై గుర్తు వేసి పంపుదురు. అవతలివాడు దానిని త్రిప్పి పంపవలెను. త్రిప్పునపుడు అందులోని ఒక గుర్తును 1 నుండి 0కు మార్చును. లేనిచో అది మరల త్రిప్పబడి, ఇరువురి నడుమ బంతివలె నిరంతరము ఎగురుచుండును. 5 సెకనులలో తిరిగి రాకున్నచో పరీక్ష తప్పినట్లు. ఇందులో రెండు రకములున్నవి. తొలి మజిలీ వరకే పోయి తిరిగివచ్చునది సెగ్మెంట్ పరీక్ష. కడకొస వరకు పోయి వచ్చునది ఎండ్ టు ఎండ్ పరీక్ష. మొదటిది నెగ్గి రెండవది తప్పినచో, రోగము మన యింటను లేదు, మన తీగలోను లేదు, ఎక్స్‌ఛేంజికి ఆవల నున్నదని అనుమానింపవచ్చును. పెద్దాయన పది నిమిషములలో చేసినది ఈ తర్కమే. ఒక హెచ్చరిక మాత్రము ఆయనయే చేసెను. కొన్ని చోట్ల ఎక్స్‌ఛేంజి యంత్రములను ఈ పరీక్షకు బదులీయకుండ అమర్తురట. అట్టిచోట మార్గము బాగున్నను పరీక్ష తప్పినట్లే చూపును. కావున బాగున్న దినములలో ఏమి చూపునో ఎరిగినవానికే చెడిన దినమున అది యుపకరించును.

ఇంక ఇంటర్‌ఫేసును నిర్వహించువాని వివేకము. ఒక్క లూప్‌బ్యాక్ సెల్లు రానంత మాత్రమున మార్గము చచ్చినదనవచ్చునా? దారిలో రద్దీ యుండి ఒక సెల్లు రాలిపోవచ్చును. తొందరపడి మార్గమును మూసినచో, దానిని నమ్ముకొన్న రౌటర్లన్నియు తమ దారులను తిరిగి లెక్కించును. మరుక్షణము అది తెరచుకొన్నచో మరల లెక్కించును. ఈ ఊగిసలాట తెగిన తీగకంటె హెచ్చు కీడు చేయును. సిస్కో రౌటర్లలో ఈ నిర్వహణను తెరచినప్పుడు అలవాటుగ నుండు లెక్క యిది: 10 సెకనులకొక సెల్లు పంపుదురు. జవాబు రాకున్నచో సెకనుకొకటి చొప్పున గట్టిగ పిలుతురు. 5 పిలుపులకు పలుకకున్నచో మూసినట్లు. తిరిగి 3 మార్లు వరుసగ పలికినచో తెరచినట్లు. చావును ప్రకటించుటకు ఐదు సాక్ష్యములు, బ్రతుకును నమ్ముటకు మూడు. ఈ అంకెలను ఎవరి అవసరమును బట్టి వారు మార్చుకొనవచ్చును.

ఈ నిర్వహణ తెరవనిచో ఏమగును? ఇంటర్‌ఫేసు తనకు దగ్గరి స్విచ్చు వరకు తీగ బాగున్నంత కాలము తాను బాగుగనే యున్నానని చెప్పుచుండును. చిట్టాలోని చిరునామా అట్లే యుండును. దానిని నమ్మి రౌటరు సరకును పంపుచునే యుండును. అది బావిలో పోసిన నీరు. పంపిన యంత్రము తన లెక్కలలో ఇన్ని ప్యాకెట్లు పంపితినని గర్వముగ చూపును. చేరినవెన్ని యను లెక్క దానియొద్ద లేదు. చిరునామా చిట్టాను, ఆరోగ్య పరీక్షను జంటగ నడుపవలెనని అనుభవజ్ఞులు చెప్పునది ఇందుకే. మార్గము పోయినదని తేలగానే దానితో ముడిపడిన చిరునామాను చిట్టానుండి తొలగింపవలెను, అప్పుడే సరకు వేరు దారి వెదకుకొనును. మార్గము సజీవమని తేలినను అంతటితో నమ్మరాదు, ఎవరో పొరపాటున మన మార్గమును పొరుగువాని కొసకు ముడివేసినచో లూప్‌బ్యాక్ సెల్లు చక్కగ తిరిగివచ్చును. అక్కడ, “నీవెవరు?” అని పేరడుగు విలోమ పద్ధతియే శరణ్యము.

మరి యింత నేర్పుతో కట్టిన ఏ.టి.ఎం. నేడెక్కడ నున్నది? 1990 దశకమున అది ప్రతి కార్యాలయపు బల్లమీదికిని వచ్చుననిరి. రాలేదు. ఈథర్నెట్టు చవుక, సులభము. ప్రతి 53 బైట్లలో 5 తలకట్టుకే పోవుట అందరికిని కంటగింపయ్యెను. 1500 బైట్ల ప్యాకెట్టు ఒకటి 32 సెల్లులుగ తెగి నడచును, అందొక్కటి రాలినచో ప్యాకెట్టంతయు వ్యర్థము. పెద్ద పెద్ద రాజమార్గములలో దాని స్థానమును ఎం.పి.ఎల్.ఎస్. ఆక్రమించెను. ఇండ్లలోని టెలిఫోను తీగలపై మాత్రము అది చాలకాలము నిలిచినది. గాజుతీగ ఇంటింటికి వచ్చిన తరువాత అక్కడను మరుగున పడినది.

కాని దాని ఆరోగ్యశాస్త్రము చావలేదు. చవుక యని గెలిచిన ఈథర్నెట్టుకు ఊళ్లను, నగరములను కలుపు బాధ్యత తలమీద పడగానే, తనకు నాడి చూచు విద్య లేదని తెలిసివచ్చెను. 2006లో వై.1731 అను సిఫారసు, 2007లో 802.1ఏజి అను ప్రమాణము వెలువడినవి. వానిలో చూడుడు: అదే కంటిన్యుటి చెక్, అదే లూప్‌బ్యాక్. వై.1731లో ఏ.ఐ.ఎస్. కూడ ఆ పేరుతోనే యున్నది. ఓడినవాని ఇంటినుండి గెలిచినవాడు తెచ్చుకొన్న వస్తువులు ఇవి.

మా యింటి మోడెము అటకమీద ఒక అట్టపెట్టెలో నున్నది. మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుచుండగా క్రిందికి వచ్చినది. మా అక్కయ్య కుమార్తె ఆ విదేశముననే ఉద్యోగము చేయుచు, పండుగకు వచ్చి యుండెను. పెట్టెమీది పెన్సిలు వ్రాతను చూచి, “0, 35. ఇదేమిటి మామయ్యా?” అని అడిగినది. ఈసారి నాయొద్ద సమాధానమున్నది. కాఫీ చల్లారువరకు చెప్పితిని.